తాడు కొసన సాంబయ్య గారు

మొన్న గుంటూరు బస్టాండులో దాహమేసి గోళీసోడా అడిగాను. బండి దగ్గరి మనిషి బొటనవేలితో గోళీని లోపలికి నొక్కగానే ఆ పాత కీచు శబ్దం వినిపించింది, చేతి మీద చల్లటి తుంపర పడింది. సీసా అందుకున్నానో లేదో నా వేళ్ళు వాటంతటవే మెడ కిందికి వెళ్ళి అక్కడేదో వెతకడం మొదలుపెట్టాయి. నాకు తెలియకుండానే కళ్ళు మూసుకున్నాను. "ఏంటమ్మా, సీసా గానీ పగిలిందా?" అన్నాడాయన. "లేదయ్యా, చూస్తున్నాను" అన్నాను. "కళ్ళు మూసుకుని చూస్తారేంటండీ?" అని పక్కనున్నావిడ వైపు తిరిగి నవ్వాడు. అతని తప్పేం లేదు. ఇరవై ఏళ్ళుగా ఏ సీసా చేతికొచ్చినా నేను చేసే పని అదే. మా ఇంట్లో నూనె సీసాలు, మందు సీసాలు అన్నీ ఈ పరీక్షకు నిలబడినవే. ఒక్కటీ నెగ్గలేదు.

కళ్ళు మూసుకుని చూడటం నాకు నేర్పినవారు సాంబయ్య గారు. ఆయన నాకు చుట్టం కాదు, పై అధికారీ కాదు. నేను పనిచేసిన తూము కింద మడుగులో మునిగి పాత సీసాలు ఏరే ముసలాయన, అంతే. కానీ నాలో మంచిదంటూ ఏదైనా ఉంటే అందులో సగం ఆయన చేతి చలవే. మిగతా సగం మా అమ్మ తిట్ల వల్ల వచ్చింది.

మా నాన్న నీటిపారుదల శాఖలో లస్కరు. లస్కరంటే కాలువల తలుపులు ఎత్తి దించే మనిషి. ఆయన ఉద్యోగంలో ఉండగానే పోతే, తొంభైల చివర్లో ఆ ఉద్యోగం నాకిచ్చారు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఆడపిల్ల లస్కరేమిటని ఊరంతా విడ్డూరంగా చూసింది. పర్చూరు వైపు నల్లరేగడి పొలాల మురుగు నీళ్ళన్నీ మోసుకొచ్చే కాలువ, సముద్రం వైపు వెళ్ళే పెద్ద కాలువలో కలిసేచోట ఉంది మా తూము. దానికి మూడు ఇనప తలుపులు. పోటు వేళ ఉప్పునీరు పొలాల మీదికి ఎగదన్నకుండా మామూలు రోజుల్లో వాటిని దించి ఉంచుతాం. పైన వానలు కురిస్తే ఎత్తి నీళ్ళు వదిలేస్తాం. మోటార్లు లేవు. మోచేతి పొడవున్న ఇనప హ్యాండిల్ ఒకటే ఉండేది. దాన్ని పైన పళ్ళచక్రానికి తగిలించి రెండు చేతులా తిప్పాలి. తూము కింద ఏళ్ళ తరబడి నీళ్ళు దూకి దూకి రెండు నిలువుల లోతు మడుగు పడింది. ఒకప్పుడు ఆ కాలువ మీద సరుకుల పడవలు ఆగేవట. మడుగుకు ఎడమ గోడ పక్కన పాత రేవు మెట్లు ఇంకా ఉండేవి.

ఉద్యోగంలో చేరిన మూడో రోజు ఉదయం తూము మీద నిలబడితే, మడుగు మధ్యలో నీళ్ళు ఉడుకుతున్నట్టు బుడగలు వస్తున్నాయి. గేదె మునిగిందేమోనని కేకేయబోతుండగా రబ్బరు ముక్కూ గాజు కళ్ళూ ఉన్న తల ఒకటి పైకి లేచింది. వెనకాల ఇనప సిలిండరు, నడుముకు వలలకు కట్టే సీసపు గుళ్ళ దండ. ఆయన ముఖానికున్నది తీసి, చేతిలోని బురద సీసాను మెట్టు మీద పెట్టి, నా వైపు చూశారు.

"ఎవరమ్మా నువ్వు?"

"కొత్త లస్కరునండీ. కోటేశ్వరిని."

"మంచిది. ఈ తాడు కొస పట్టుకో. నిన్నటిదాకా ఈ మొద్దుకు కట్టి దిగుతున్నాను. మొద్దు కంటే మనిషి నయం కదా."

ఆ నిలబడటం నిలబడటమే నాలుగేళ్ళు నిలబడ్డాను. పని లేని ఉదయాలన్నీ తాడు చేతిలోనే ఉండేది. కింద నుంచి ఒకసారి లాగితే బాగానే ఉన్నానని. రెండుసార్లు లాగితే ఇంకాస్త తాడు వదలమని. మూడుసార్లు లాగితే పైకి చేదమని. నేను మూడుసార్లు లాగితే మాత్రం ఆయన పైకి రావాలి. "చేతిలో బంగారం ఉన్నాసరే వచ్చెయ్యాలి. కింద ఉన్నవాడికి వెతుకులాట తప్ప ఇంకేమీ తెలీదమ్మాయ్. మబ్బు పట్టిందో, వరదొచ్చిందో గట్టు మీదున్నవాడికే తెలుస్తుంది. అందుకని గట్టు మీది మాటే ఆఖరిమాట" అనేవారు. ఇంట్లో చీపురు ఎక్కడ పెట్టాలో కూడా నా మాట చెల్లని రోజులవి. నా మాట ఆఖరిమాట అన్న మొదటి మనిషి ఆయనే.

ఆ నీళ్ళు టీ రంగులో ఉండేవి. నిలువు లోతు దాటితే చెయ్యి కళ్ళ ముందు పెట్టుకున్నా కనపడదట. అందుకే ఆయన అడుగున కళ్ళు మూసుకునే వెతికేవారు. కళ్ళు తెరిస్తే లేనివి ఉన్నట్టు కనిపించి వేళ్ళను పెడదోవ పట్టిస్తాయనేవారు. పైకొచ్చాక నా చేత కూడా కళ్ళు మూయించి, బురద సీసా ఒకటి చేతికిచ్చి ఇదేమిటో చెప్పమనేవారు. పక్కన గీతలుంటే ఆసుపత్రి మందు సీసా. మెడలో నొక్కులుంటే గోళీసోడా. పొట్టిగా, నాలుగు పలకలుగా ఉంటే సిరా బుడ్డి. పడవల వాళ్ళు తాగి విసిరేసినవి, రేవులో జారిపోయినవి అన్నీ కడిగి, ఆయన ఇంటి పిట్టగోడ మీద వరసగా పేర్చేవారు. ఉదయపు ఎండ వాటి మీద పడితే గోడంతా ఆకుపచ్చగా మెరిసేది. ఊరి వాళ్ళు ఆయనకు పెట్టిన పేరు సీసాల సాంబయ్య. కాస్త చనువున్న వాళ్ళు 'పిచ్చి' అన్న మాట కూడా చేర్చేవారు.

పోగొట్టుకున్న వస్తువుల కోసం కూడా జనం వచ్చేవారు. ఎవరొచ్చినా ఆయన మొదట అడిగేది ఒక్కటే. "పడ్డాక నీళ్ళలోకి ఎవరైనా దిగారా?" మా ప్రాంతంలో ఆ ప్రశ్నకు 'లేదు' అన్న జవాబు నేను వినలేదు. నీళ్ళలో ఏదైనా పడిందంటే చాలు, పంచెలు ఎగ్గట్టి పదిమంది దూకాల్సిందే. దూకకపోతే సాయం చెయ్యలేదని అనుకుంటారని భయం. ఒకసారి మార్టూరు నుంచి ఒక పెళ్ళి బృందం కాలువ పక్కన వాను ఆపింది. పెళ్ళికొడుకు తండ్రి నోరు పుక్కిలించబోతే పై వరస కట్టుడు పళ్ళు మడుగులో పడిపోయాయి.

"ఎవరైనా దిగారా?" అన్నారు సాంబయ్య గారు.

"అందరం దిగామండీ. మా బావగారొక్కరే దిగలేదు, ఆ పళ్ళు ఆయనవే, సిగ్గేసి."

"అయితే రేపు రండి."

"పెళ్ళి ఇవాళండీ."

"పెళ్ళి ఇవాళే చేసుకోండి. పళ్ళు రేపు తీసుకోండి" అన్నారాయన, నవ్వకుండా. మర్నాడు నీళ్ళు తేరుకున్నాక దిగి నాలుగు నిమిషాల్లో తీశారు. వాటిని బాదం ఆకులో పెట్టుకుని మార్టూరు మనుషుల చేతికిచ్చింది నేనే. వాళ్ళు వెళ్ళాక చెప్పారు. "పడ్డ వస్తువు బురద మీద మెత్తగా పడుకుని ఉంటుందమ్మాయ్. మనమే కంగారుపడి దూకి, తొక్కి లోపలికి పాతేస్తాం. ఏదైనా పడితే ముందు కదలకుండా నిలబడి ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకో. నీళ్ళను కూర్చోనియ్యి." నాకు అప్పట్లో కోపం ముక్కు మీదే ఉండేది. ఒకసారి చెయ్యని తప్పుకు మెమో వస్తే, అక్కడే కూర్చుని రాజీనామా రాయడం మొదలుపెట్టాను. ఆయన కాగితం వైపు చూసి, "నీళ్ళు కూర్చున్నాయా?" అని మాత్రం అన్నారు. కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకున్నాను. వారం తర్వాత దాంతో పొయ్యి రాజేశాను.

ఆయన సీసాలెందుకు ఏరుతున్నారో తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఒక మధ్యాహ్నం పిట్టగోడ మీది సీసాలు తుడుస్తూ, "ఇన్నున్నాయి కదా బాబాయి గారూ, ఇంకా ఎందుకు?" అని అడిగేశాను. ఆయన గుడ్డ పిండి ఆరేసి చెప్పారు. ముప్పై ఏళ్ళు విశాఖపట్నం హార్బరులో మునిగే పని చేశారట. ఉండటానికి సరైన ఇల్లు దొరక్క భార్య రమణమ్మ గారిని ఇక్కడే ఉంచారు. ఒకసారి సెలవులో వస్తూ, అక్కడి పాత సామాన్ల బజారులో ఆమె కోసం నీలం రంగు అత్తరు సీసా కొన్నారు. ఆరు పలకలు, మెడ కింద ఉబ్బుగా ఒక పువ్వు. ఆ పువ్వుకు ఐదు రేకలుంటే ఒక రేక కొస విరిగి ఉంది. అత్తరు అయిపోయాక ఆమె అందులో కొబ్బరినూనె పోసుకునేది. ఒకరోజు రేవులో కడుగుతుంటే చేయి జారింది.

"ఏడుస్తూ ఉత్తరం రాసింది. ఏడుపెందుకే, నా పనే అది కదా, సెలవుకొచ్చి తీసిస్తానని రాశాను. సెలవు దొరికేలోపు జ్వరమొచ్చి పోయింది" అన్నారు. "ఆ ఉత్తరం ఆవిడ చదువుకుందో, చదవకుండానే పోయిందో నాకు తెలీదు."

పిల్లల్లేరు. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆయన సిలిండరుతో సహా ఇక్కడికొచ్చి, మాటిచ్చిన పని మొదలుపెట్టారు. మడుగు అడుగును తాళ్ళతో గళ్ళు గళ్ళుగా విభజించి, ఒక్కో గడిని జానెడు జానెడుగా తడిమేవారు. దొరికిన సీసాలన్నీ దారిలో తగిలినవే. వెతుకుతున్నది ఒకే ఒక్క సీసా. ఆ సంగతి విన్నాక తాడు పట్టుకుంటే నా చేతికి బరువు తెలిసేది. ఆయన ఒకసారి లాగి బాగానే ఉన్నానని చెప్పిన ప్రతిసారీ, ఆ లాగడం కాస్త గట్టిగా ఉంటే దొరికిందేమోనని గట్టు అంచుదాకా వెళ్ళి చూసేదాన్ని.

గాలితోనే వచ్చింది చిక్కు. సిలిండరు ఖాళీ అయితే లారీలో విశాఖపట్నం పంపేవారు. పాత స్నేహితుడొకాయన నింపించి తిప్పి పంపేవాడు. నాలుగో ఏడు వేసవిలో సిలిండరుతో పాటు కబురొచ్చింది. ఇనుము పాతబడింది, ఇదే ఆఖరు, ఇక ఎవరూ నింపరని. సరిగ్గా అప్పటికి మడుగులో ఎడమ గోడ పక్కన, రేవు మెట్ల కింద రెండు గళ్ళే మిగిలాయి. సీసా ఉంటే అక్కడే ఉండాలి. ముందే అక్కడ వెతకొచ్చు కదా అంటే, మెట్ల రాళ్ళు కూలి పడ్డాయనీ, గంటకు పైగా గాలి ఉంటేగానీ ఆ రాళ్ళ మధ్య పని కాదనీ అన్నారు. నాకనిపించేది వేరు. అక్కడ కూడా లేకపోతే ఇక వెతకడానికి ఏమీ మిగలదని ఆయన భయం. వానలు వెళ్ళి నీళ్ళు తేరాక, సంక్రాంతి లోపు దిగుతానన్నారు. నిండు సిలిండరును మంచం కింద గోనెపట్టా కప్పి దాచారు.

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసి, మూడో రోజు ఉదయానికి తెరిపిచ్చింది. అప్పటికే పైన రెండూళ్ళ మిరప తోటల్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. విరగకాసిన పత్తి తడిసి నల్లబడింది. మిరప మాత్రం ఇంకా ప్రాణంతో ఉంది. మరో పూట నీళ్ళలో ఉంటే వేళ్ళు కుళ్ళి, ఉరకెత్తి చచ్చిపోతుంది. రైతులు ముప్పై మంది తూము దగ్గరికి వచ్చేశారు. అందరూ చూస్తున్నారన్న కంగారులో, తడిచేతులతో, హ్యాండిల్ చక్రానికి తగిలించబోయాను. అది చక్రం అంచుకు కొట్టుకుని, ఎగిరి, మడుగులో పడింది.

ఇక్కడ నేను నిలబడాలి. నాలుగేళ్ళు రోజూ విన్న మాట అది. కదలకుండా నిలబడి ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకోవాలి. నేనేం చేశానంటే, చీర కుచ్చిళ్ళు దోపుకుని దూకాను. నన్ను చూసి పదిమంది రైతులు దూకారు. అరగంట సేపు ఆ మడుగును గంజి కలిపినట్టు కలిపేశాం. ఇంకో హ్యాండిల్ తేవాలంటే చీరాల వెళ్ళాలి, రోడ్డు మీద నీళ్ళు. తలుపులు పగలగొడదామని ఒకరంటే, పోటుకు ఉప్పునీరెక్కి మూడేళ్ళు పంట ఉండదని ఇంకొకరన్నారు. నేను గట్టు మీద తడిబట్టలతో వణుకుతూ కూర్చున్నాను. అప్పుడు సాంబయ్య గారు వచ్చారు.

"ఎవరైనా దిగారా?" అన్నారు.

నేను తలెత్తలేదు. నా చీర చూసి ఆయనకు తెలిసిపోయింది. తిట్టినా బాగుండేది. "ఎటు పడింది?" అని మాత్రం అడిగారు. కుడి గోడ వైపని చెప్పాను. ఇంటికి వెళ్ళి, సైకిల్ మీద సిలిండరు పెట్టుకుని నడిపించుకుంటూ వచ్చారు.

"బాబాయి గారూ, అది..." అన్నాను.

"ఏదో నాకు తెలుసమ్మాయ్. తాడు పట్టుకో."

వద్దని అనలేదు నేను. అనాలని నోటిదాకా వచ్చింది. నా ఉద్యోగం, మా అమ్మ, ముప్పై మంది ముఖాలు అన్నీ అడ్డొచ్చి నోరు మూసుకున్నాను. ఆ సంగతి ఇప్పుడు రాస్తున్నా సిగ్గుగానే ఉంది.

మేము తొక్కి పాతేసిన దాన్ని వెతకడానికి ఆయనకు ముప్పావు గంట పట్టింది. దూకకుండా ఉండి ఉంటే, కట్టుడు పళ్ళలాగా నాలుగైదు నిమిషాల పని. చివరికి, దొరికినదాన్ని కట్టి పంపడానికి ఆయన వెంట తీసుకెళ్ళిన రెండో తాడు కదిలింది. లాగితే బురదతో హ్యాండిల్ వచ్చింది. జనం కేకలు వేశారు. ఆయన మాత్రం పైకి రాలేదు. నా చేతిలో తాడు నెమ్మదిగా కదిలి ఎడమ వైపుకు సాగింది. రేవు మెట్ల వైపు. సిలిండరులో మిగిలిన కాస్త గాలితో ఆయన తన పని మీద వెళ్తున్నారని అక్కడ నాకొక్కదానికే తెలుసు.

"ఇంకేంటమ్మా ఆలస్యం, తిప్పు" అన్నాడు వీరాంజనేయులనే రైతు.

"మనిషి కింద ఉన్నాడు. ఆయన పైకొచ్చేదాకా తలుపు కదలదు."

"మరి పిలువమ్మా. మా తోట రెండు రోజుల నుంచి నీళ్ళలో ఉంది. నేను పిలవలేను కదా, తాడు నీ చేతిలో ఉంది" అన్నాడతను. గట్టిగా కూడా అనలేదు. గొంతు బొంగురుపోయి ఉంది.

తాడు నా చేతిలోనే ఉంది. పది నిమిషాలిస్తే ఏమవుతుందని ఒక మనసు. పడమర మళ్ళీ నల్లగా మబ్బు కమ్ముతోంది, ఎగువ నీళ్ళు తలుపుల అంచు దాకా వచ్చాయి, అవి పొర్లితే కింద మనిషి ఉండడని ఇంకో మనసు. మూడుసార్లు లాగాను.

కింద నుంచి జవాబొచ్చింది. రెండుసార్లు. తాడు వదలమని.

నాలుగేళ్ళలో ఆయన నా మూడుకు రెండు జవాబివ్వడం అదొక్కసారే. నేను ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాను. అంతకంటే ఇవ్వలేకపోయాను. మళ్ళీ మూడుసార్లు లాగాను, ఈసారి గట్టిగా. కాసేపు ఏమీ లేదు. తర్వాత, ఒక్కసారి. చాలా మెల్లగా.

ఆయన పైకొచ్చారు. రెండు చేతులూ ఖాళీ. గట్టు మీద కూర్చుని, ముఖానికున్నది తీసి, "ఇక తిప్పు" అన్నారు. తిప్పాను. మూడు తలుపులూ ఎత్తేసరికి నల్లరేగడి నీళ్ళు ఏనుగు ఎత్తున దూకాయి. మడుగు అడుగున ఉన్నదంతా, ఏళ్ళ నాటి బురదంతా సుడి తిరుగుతూ సముద్రం వైపు వెళ్ళిపోవడం ఇద్దరం పక్కపక్కన నిలబడి చూశాం. సాయంత్రానికి మిరప మొక్కల తలలు బయటపడ్డాయి. వారానికి నీళ్ళు తగ్గాక గెడ వేసి చూస్తే మడుగులో గట్టి సుద్దమట్టి తప్ప ఏమీ తగల్లేదు. రేవు మెట్లు కూడా సగం లేవు.

సంక్రాంతి వెళ్ళాక ధైర్యం చేసి అడిగాను. "ఆ రోజు రెండుసార్లు లాగారు కదా బాబాయి గారూ. చేతికేమైనా తగిలిందా?"

ఆయన పిట్టగోడ మీది సీసా ఒకటి తీసి, మెడ తడిమి మళ్ళీ పెట్టేశారు. "రాళ్ళ మధ్య ఏదో నున్నగా తగిలింది. సీసానో, రాయో. మెడ దాకా వేళ్ళు పోలేదు" అన్నారు. నా కళ్ళలో నీళ్ళు చూసి, మళ్ళీ ఆయనే అన్నారు. "నువ్వు లాగావు కాబట్టి తాడు నీకిచ్చినందుకు నాకు బాధ లేదు. లాగకపోతే ఉండేది."

ఆ తర్వాత మరో మూడేళ్ళు ఉన్నారు. మళ్ళీ నీళ్ళలో దిగలేదు. ఉదయం పూట తూము దగ్గరికొచ్చి నా పక్కన కూర్చుని, ఏవో హార్బరు కబుర్లు చెప్పి వెళ్ళేవారు. నేనేనాడూ ఆయనకు క్షమాపణ చెప్పలేదు. చెబితే ఆ సీసా నిజంగా పోయిందని ఇద్దరం ఒప్పుకున్నట్టవుతుందని. ఆయన పోయాక సీసాలను ఊళ్ళో వాళ్ళు తలా ఒకటి తీసుకెళ్ళారు. నేను తాడు తెచ్చుకున్నాను.

ఇప్పుడు మా తూముకు మోటారు పెట్టారు. మీట నొక్కితే తలుపులు లేస్తాయి. కరెంటు పోయినప్పటి కోసం హ్యాండిల్ ఇంకా ఉంది. దాన్ని చేతి మణికట్టుకు తాడుతో కట్టుకోకుండా ముట్టుకోకూడదని కొత్తగా చేరిన వాళ్ళకు నేనే నేర్పుతాను. ఏదైనా పడితే కదలకుండా నిలబడమని కూడా చెబుతాను. చాదస్తం అనుకుంటారు. అనుకోనీ.

సోడా తాగేసి ఖాళీ సీసా బండి మీద పెట్టేశాను. మెడ కింద పువ్వు లేదు. సముద్రంలో కలిసిన సీసా గుంటూరు బస్టాండుకు రాదని నాకు తెలుసు, నేనేమీ పిచ్చిదాన్ని కాదు. ఆ రోజు లాగడం తప్పని కూడా అనుకోను, ఇప్పుడైనా అదే చేస్తాను. కానీ ఆ రెండు లాగుళ్ళు మాత్రం నా అరచేతిలోంచి పోలేదు. ఒక్కోరోజు బావిలో చేద వేసినప్పుడో, ఆరేసిన చీర గాలికి తీగ మీద కదిలినప్పుడో హఠాత్తుగా తగులుతాయి. ఒకటి, రెండు. తాడు వదలమని అడుగుతుంటారాయన. నా చెయ్యి దానంతటదే తెరుచుకుంటుంది.